చిటికి లెక్క

యంత్రం షాపులోకి వచ్చిన మర్నాటి నుంచే బస్సులు ఆగిపోయాయి. సకల జనుల సమ్మెలో ఆర్టీసీ వాళ్ళు కూడా దిగారు. దిల్‌సుఖ్‌నగర్ డిపో గేటుకి అడ్డంగా టెంటు, టెంటులో పొద్దున్నుంచీ పాటలు, రోడ్డు మీద ఆటోల ఇష్టారాజ్యం. చైతన్యపురి సందు మొదట్లో ఉన్న తన కళ్ళజోళ్ళ షాపుకి త్రినాథరావు షట్టరు సగమే ఎత్తి లోపల కూర్చున్నాడు. మనిషి గడప తొక్కని రోజులు చూసి మరీ ఇంత పెద్ద యంత్రం తెప్పించుకున్నాడు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టుంది వ్యవహారం.

కొన్నది కాదు, ట్రయలుకి వచ్చింది. మూడు వారాలు వాడి చూసుకోమని కంపెనీ ఇంజనీరు ప్రసన్నకుమార్ తెచ్చి బిగించి, గంటసేపు పాఠం చెప్పి వెళ్ళాడు. యంత్రం కంట్లోకి సన్నటి వెలుగు పంపుతుంది. అది కంటి వెనక తెరని తాకి తిరిగి బయటికి వస్తుంది. కన్ను తిన్నగా ఉంటే ఆ వెలుగు చదునుగా వస్తుంది. కంట్లో ఎక్కడ వంకర ఉంటే అక్కడ వెలుగూ వంగుతుంది. ఆ వంకరని యంత్రం వందల చుక్కలుగా విడగొట్టి, ఏ చుక్క ఎంత జరిగిందో కొలుస్తుంది.

"దగ్గర చూపు, దూరం చూపు, అడ్డం నిలువు తేడాకి సిలిండరు, ఇంతకాలం మనం చూసేది ఈ మూడే కదండీ. వీటికి దొరకని లోపాలు ఇంకా చాలా ఉన్నాయి. దీపానికి గుడి కట్టినట్టుంటుంది, అక్షరానికి నీడ పడుతుంది. చార్టు మొత్తం చదివేస్తారు, అయినా సరిగ్గా కనపడదంటారు. చాదస్తం అనుకుని మనం పంపించేస్తాం" అన్నాడు ప్రసన్నకుమార్. "ఈ యంత్రం మనిషిని ఏమీ అడగదండీ. అదే దీని గొప్ప."

ఆ చివరి మాట త్రినాథరావుకి నచ్చలేదు. అడగడమే అతని విద్య. ముక్కు మీద ట్రయల్ ఫ్రేము పెట్టి, అద్దం మార్చి మార్చి "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా" అని ఇరవై ఆరేళ్ళుగా అడుగుతున్నాడు. తన నంబరు తప్పిందని ఒక్కరూ తిరిగి రాలేదు. తప్పినవాళ్ళు వేరే షాపుకి పోయి ఉంటారన్న ఆలోచన ఎందుచేతో ఎప్పుడూ రాలేదు.

ఊరికే కూర్చోలేక ముందు తన కళ్ళు చూసుకున్నాడు. తర్వాత లోపలి గదిలోంచి రాజయ్యని పిలిచాడు. అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగించేది రాజయ్యే. ఇరవై ఏళ్ళుగా అదే స్టూలు. పోచంపల్లి పక్క పల్లెలో మగ్గాల ఇంట్లో పుట్టినవాడు కావడంతో, అద్దాన్ని కూడా పోగుని పట్టుకున్నట్టే కొనవేళ్ళతో పట్టుకుంటాడు. చొక్కా జేబుకి జై తెలంగాణ బ్యాడ్జి ఉంది. సమ్మె మొదలైన దగ్గర్నుంచీ సాయంత్రాలు ఎల్.బి.నగర్ చౌరస్తాలో నినాదాలిచ్చి గొంతు బొంగురుపోయింది. ఆ బ్యాడ్జి గురించి త్రినాథరావు ఒక్క మాట అనలేదు, రాజయ్యా ఒక్క మాట చెప్పలేదు. ఇద్దరూ మంచివాళ్ళు. మంచివాళ్ళు మాట్లాడుకోకుండా దాటేసే సంగతులు చాలా ఉంటాయి.

రాజయ్య కంటి చుక్కలు తెర మీద వరస తప్పకుండా ముగ్గు చుక్కల్లా పడ్డాయి.

"అయిపోయింది, లేవచ్చు" అన్నాడు త్రినాథరావు.

రాజయ్య గడ్డం ఆనించిన చోటి నుంచి కదల్లేదు. "సార్, మా ఇంటామెను ఒకపారి తోల్కొస్త. గీ మిషన్ల సూస్తరా?"

త్రినాథరావు చెయ్యి మీట మీదే ఆగింది.

రాజయ్య భార్య కనకమ్మ మెయిన్ రోడ్డు మీద విశ్వేశ్వరరావు చీరల షాపులో తొమ్మిదేళ్ళు పనిచేసింది. మేడ మీద కూర్చుని, వచ్చిన సరుకులో ఏది చేతిమగ్గం పోచంపల్లి, ఏది అచ్చు గుద్దిన నకిలీ అని వేరుచేసే పని. అసలు చీరలో నూలుకి ముందే రంగద్ది తర్వాత నేస్తారు గనక పోగు పోగూ కాస్త జరిగి, బొమ్మ అంచు నూగు నూగుగా ఉంటుంది. నకిలీలో అంచు గీత గీసినట్టుంటుంది. ఈ మధ్య రెండు వైపులా అచ్చు గుద్దుతున్నారు, కాబట్టి వెనక్కి తిప్పి చూసినా తేలదు. అంచొక్కటే గుర్తు. జూన్ నెలలో ముప్ఫై ఆరు నకిలీ చీరలు కనకమ్మ చేతి మీదుగా అసలువై కిందికి దిగాయి. కొన్నవాళ్ళు షాపు మధ్యలో నిలబడి రచ్చ చేశారు. "కళ్ళు పోయాయంటే సరే. కళ్ళు బాగుంటే మాత్రం ఆ సరుకువాడి దగ్గర ఏం తీసుకున్నావో చెప్పాలి" అని విశ్వేశ్వరరావు ఆమెను త్రినాథరావు దగ్గరికి పరీక్షకి పంపాడు. షాపులవాళ్ళిద్దరూ తణుకు వైపు వాళ్ళే, పాత స్నేహం.

రాజయ్యే దగ్గరుండి తీసుకొచ్చాడు. కనకమ్మ చార్టు ఆఖరి వరస దాకా తడుముకోకుండా చదివింది. చూపులో ఏ లోపమూ లేదని త్రినాథరావు ఇంగ్లీషులో రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. ఆ చీటీ ఎందుకో అప్పుడతనికి తెలియదు. మంచి కళ్ళకి మంచి కళ్ళని రాస్తే మేలే చేశాననుకున్నాడు. ఆ మేలుతోనే కనకమ్మ దొంగ అయి ఇంటికి పోయింది. నాలుగు నెలలుగా ఆమెను ఏ చీరల షాపూ మెట్టెక్కనివ్వడం లేదు.

"అప్పుడు చూశాం కదయ్యా" అన్నాడు.

"సూసిన్రు సార్."

"మరి?"

రాజయ్య నేల చూపులు చూశాడు. "గీ మిషను ఏమడగదని ఆ సారు చెప్పె గదా. అందుకని."

త్రినాథరావుకి చురుక్కుమంది. తన పని మీద అనుమానపడిన మొదటి మనిషి తన పనివాడే. అయినా కాదనడానికి నోరు రాలేదు. "రేపు తీసుకురా" అన్నాడు.

*

కనకమ్మ ఎల్.బి.నగర్ నుంచి నడిచి వచ్చింది. కొత్తపేట పండ్ల మార్కెట్టు దాటేసరికే ఎండ మాడ్చేసినట్టుంది. షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చి, కొంగుతో మెడ తుడుచుకుంటూ నిలబడింది. యాభైకి రెండేళ్ళు తక్కువ, సన్నటి మనిషి. ఎవరితో మాట్లాడినా మెడ తిప్పదు. కళ్ళు మాత్రం పక్కకి జరిపి ఒకసారి చూసి మళ్ళీ నేల మీదికి దించుతుంది.

"ఏం సదవాలె సార్?"

"ఏమీ చదవక్కర్లేదమ్మా. గడ్డం ఇక్కడ ఆనించి, లోపల కనపడే లైటు వంక చూడు."

"ఏం చెప్పాలె?"

"ఏమీ చెప్పక్కర్లేదు."

"గదే మంచిది" అంది కనకమ్మ.

యంత్రానికి చీకటి కావాలి. త్రినాథరావు ట్యూబులైట్లు ఆర్పి, షట్టరు కిందికి దించాడు. వెలుగు తగ్గితే కంటిపాప విచ్చుకుంటుంది, దాక్కున్న వంకరలు అప్పుడు బయటపడతాయి. ఈ సంగతి ప్రసన్నకుమార్ చెప్పకముందూ అతనికి తెలుసు. తెలిసీ జూన్‌లో మిట్టమధ్యాహ్నం, లైట్లన్నీ వేసి ఆమె కళ్ళు చూశాడు. ఇరవై ఆరేళ్ళుగా అందరికీ అలాగే చూస్తున్నాడు.

తెర మీద చుక్కలు పడ్డాయి. పై వరసలు తిన్నగానే ఉన్నాయి. కిందికి వచ్చేసరికి ఒక్కో చుక్కా చెదిరి, పక్కకి కారిపోయింది. ముగ్గు మీద ఆవు నడిచిపోయినట్టుంది. పొరపాటేమోనని మళ్ళీ తీశాడు. మూడోసారి తీశాడు. ఎడమ కన్ను చూశాడు. అదీ అంతే. ప్రింటు కాగితం మీద మిగతా అంకెలన్నీ చిన్నవే, ఒక్క మాట ఎదురుగా మాత్రం పెద్ద అంకె ఉంది.

రాజయ్య భుజం మీంచి తొంగి ఆ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాడు. "కోమానా? కోమాలకు పోతదా సార్?"

"ఆ కోమా కాదయ్యా. తోకచుక్క మాట లోంచి వచ్చింది పేరు. కంటి ముందు పొర కాస్త కిందికి జారి ఉంది. దాంతో చుక్క వెలుగు చుక్కలా పడదు, తోక సాగి పడుతుంది. ప్రాణానికేం భయం లేదు, కంటి దవాఖానలో ఒకసారి చూపిద్దాం. మామూలు అద్దాలకి మాత్రం ఇది లొంగదు."

కనకమ్మ తలెత్తింది. "ఉంటది సార్ తోక. అక్షరానికి ఉంటది, దీపానికి ఉంటది. ఆ దినం చెప్పిన గదా మీకు."

"ఎప్పుడు చెప్పావమ్మా? ఎలా ఉన్నాయి అక్షరాలు అంటే చిటికెలో చదివేశానన్నావు. నాకు బాగా గుర్తు."

"చిటికెల అనలే సార్. చిటికి లెక్క ఉన్నయంటి."

"చిటికి అంటే?"

కనకమ్మ ఆశ్చర్యంగా చూసి, కొంగు అంచు రెండు వేళ్ళతో పట్టి ముందుకు చాపింది. "గిది సార్. పోచంపల్లి అని మీరంటరు. మేం చిటికి అంటం. గీ బొమ్మ అంచు సూడుండ్రి, నూగు నూగు లేదా? అక్షరాలన్ని గట్ల కనబడవట్టె. గదే చెప్పిన. మీరు నవ్వుకుంట రాసుకున్నరు."

త్రినాథరావు స్టూలు మీద కూలబడ్డాడు. ఆమె ఏ మాట కోసం తన దగ్గరికి వచ్చిందో ఆ మాట చెప్పింది. అతని చెవి దాన్ని తన ఊరి మాటగా మార్చుకుని వింది. చిటికెలో చదివిందనుకుని మెచ్చుకున్నాడు కూడా. ప్రతి అంచూ నూగుగానే కనిపించే కంటికి నకిలీ ఎలా దొరుకుతుంది? ఆ ముప్ఫై ఆరూ ఆమె కంటికి నిఖార్సయిన చిటికి చీరలే.

"ఇంత తేడా వస్తుంటే నీకు అనుమానం రాలేదామ్మా?"

"మెల్లమెల్లగ వచ్చింది సార్ గిది. వేరేటోల్లకైతే అంచు చెదిరితె బుగులైతదేమో. మా ఇండ్ల పుట్టినోల్లకు అంచు గట్లుంటెనే మంచిగ. ఈ నడుమ సరుకంత మంచిగొస్తున్నదని సంబురపడ్డ" అంది కనకమ్మ. గొంతులో ఏడుపు లేదు. ఉంటే బాగుండుననిపించింది త్రినాథరావుకి.

"నాకా మాట తెలీదమ్మా" అన్నాడు.

"మీకు తెల్వదు సార్. తెల్వనోల్ల మీద కోపమేముంటది."

రాజయ్య ఎప్పుడు లోపలికి వెళ్ళాడో వెళ్ళాడు. అరగదీయాల్సిన అద్దం ఒక్కటీ లేకపోయినా లోపల సానచక్రం తిరుగుతున్న చప్పుడు వస్తోంది. పాపం ఏడుస్తున్నాడేమోననుకున్నాడు త్రినాథరావు.

"ఒక్క పని చెయ్యుండ్రి సార్" అంది కనకమ్మ. "గీ మాటంత ఒక కాయితం మీద రాసియ్యుండ్రి, తెలుగుల. అప్పుడు ఇంగ్లీషుల రాసిన్రు. దాంట్ల ఏమున్నదో తెల్వక నా చేతులతోనె తీస్కపోయి ఆ సారుకిస్తి."

లెటర్‌హెడ్ తీసి రాయడం మొదలుపెట్టాడు. 'జూన్ నెలలో నేను రాసి ఇచ్చిన చీటీ తప్పు. ఈమె కళ్ళలో లోపం ఉన్నది. ఈమె అప్పుడే చెప్పింది. నేను అర్థం చేసుకోలేదు.' కింద సంతకం చేసి, ముద్ర వేసి, రెండో ప్రతి తన దగ్గర ఉంచుకున్నాడు. కనకమ్మ ఒక్కో మాటా కూడబలుక్కుని చదివి, నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది.

*

మర్నాడు మధ్యాహ్నం త్రినాథరావు చీరల షాపుకి నడిచాడు. రెండో ప్రతి, యంత్రం కాగితం జేబులో ఉన్నాయి. విశ్వేశ్వరరావు తన షాపు ముందు తానే జై తెలంగాణ ఫ్లెక్సీ కట్టించుకున్నాడు, కొత్తింటికి గుమ్మడికాయ కట్టినట్టు. లోపల దసరా సరుకు కట్టలు విప్పకుండానే పడి ఉంది.

కాగితాలు రెండూ చదివి విశ్వేశ్వరరావు ముందు వీధి వైపు చూశాడు. "ఏవండీ త్రినాథరావుగారూ, ఇప్పుడే తేవాలా ఇది? ఆంధ్రావాడు తెలంగాణ ఆడమనిషి మీద దొంగతనం కట్టాడని ఆ టెంటులో తెలిస్తే, నా షాపుకి అద్దాలుంటాయా?"

"దానికీ దీనికీ ముడి పెట్టకండి. తప్పు జరిగింది."

"జరిగింది నా వల్ల కాదు కదండీ. చీటీ మీది."

"నాదే. అందుకే వచ్చాను" అని, చిటికిని తను చిటికెగా విన్నదీ, అప్పుడు రాజయ్య పక్కనే ఉన్నదీ చెప్పాడు త్రినాథరావు.

విశ్వేశ్వరరావు చాలాసేపు గల్లా బల్ల మీద వేలితో తట్టాడు. చెడ్డవాడేం కాదు. కనకమ్మ మేడ దిగి వెళ్ళిపోయిన నాడు తనూ అన్నం సరిగ్గా తినలేదని ఒకసారి అన్నాడు. కానీ భయపడ్డవాడు న్యాయం చేస్తే అది న్యాయమో భయమో చెప్పడం కష్టం. "సరే, రమ్మనండి. పాత పనే చేసుకోమనండి. అద్దాలొచ్చాకే రమ్మనండి" అన్నాడు. ఊపిరి పీల్చుకుని, కాస్త నవ్వు కూడా తెచ్చుకున్నాడు. "అయినా చిటికి అన్న మాట మీకు తెలీకపోవడం ఏంటండీ? ఇరవై ఆరేళ్ళు ఈ ఊళ్ళో ఉండి! మా షాపులో రోజుకి వందసార్లు అంటారు."

"నేను చీరలమ్మను కదండీ."

"పోనీ మీకు తెలీదు. మీ రాజయ్య పక్కనే ఉన్నాడన్నారుగా? పుట్టిన దగ్గర్నుంచీ వాళ్ళింట్లో మాట అది. మీరు తప్పు విన్నారని ఆయనైనా చెప్పలేదా?"

త్రినాథరావు లేచాడు. మెట్లు దిగాడు. జూన్ నాటి ఆ మధ్యాహ్నం ఇప్పుడు ఒక్కో ముక్కా గుర్తొస్తోంది. స్విచ్చిబోర్డు దగ్గర రాజయ్య నిలబడి ఉన్నాడు. "చిటికెలో చదివేసిందయ్యా మీ ఆవిడ" అని తను నవ్వాడు. "అవును సార్" అన్నాడు రాజయ్య. తెల్వనోల్ల మీద కోపమేముంటదని నిన్న కనకమ్మ అన్నది ఎవరికి వినపడాలనో ఇప్పుడర్థమైంది.

*

రాజయ్య సానచక్రం దగ్గర పాత ఫ్రేముల స్క్రూలు బిగిస్తూ కూర్చున్నాడు. త్రినాథరావు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నీకు తెలుసు కదా రాజయ్యా ఆ మాట."

స్క్రూడ్రైవరు ఆగింది. "తెల్సు సార్."

"నేను తప్పు విన్నానని అప్పుడే తెలిసింది."

"తెలిసింది. గట్ల గాదు సార్ అని నోటిదాంక వచ్చింది. అప్పటికే మీరు నవ్వుకుంట రాస్తున్నరు. ఇరవై ఏండ్లల్ల మీ మాటకెన్నడు అడ్డం పోలే. గా చీటి దేనికో ఆమె నాకు చెప్పలే, అప్పుడు తెల్వది సార్, నా బిడ్డల మీద ఒట్టు. తెల్సినంక చెప్దమనుకున్న. ఇయ్యాల, రేపు అనుకుంట నాలుగు నెలలాయె." రాజయ్య చేతిలో ఫ్రేమును అటూ ఇటూ తిప్పాడు. "ఆమె గూడ ఒక్కనాడు అడగలే. ఏడ్వలే. ఏడిస్తె చెప్పేటోన్నేమో."

"మరి ఈ యంత్రం దగ్గరికి ఎందుకు తెచ్చావు?"

"అడగకుంటనే చెప్తదన్నరు గదా సార్. అదే చెప్పేస్తె నేను చెప్పే పని ఉండదనుకున్న."

నాలుగు మాటలు గట్టిగా అనాలనే త్రినాథరావు లోపలికొచ్చాడు. ఒక్కటీ బయటికి రాలేదు. ఆ 'అవును సార్' అన్న మాటకి ఇరవై ఏళ్ళుగా మురిసిపోయింది తనే. రాజయ్య నోరు మూసుకోవడం వినయమనుకుని పదిమందికి చెప్పుకున్నదీ తనే. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

*

అద్దాలు బెంగుళూరు నుంచి రావాలి. యంత్రం పంపిన కొలతలను బట్టి అక్కడ వజ్రపు ములుకుతో అద్దాన్ని చుక్క చుక్కకీ వేరేగా చెక్కుతారు. కన్ను ఎక్కడ కిందికి వంచుతుందో అద్దం అక్కడ పైకి లేపుతుంది. లారీలు సగం తిరిగి సగం తిరక్క, దసరా కూడా వెళ్ళిపోయాక పదహారో రోజుకి చేరాయి.

రాజయ్య ఆ పొద్దంతా వాటి మీదే కూర్చున్నాడు. ఈ అద్దంతో చిక్కేమిటంటే, చెక్కిన వంకర కంటిపాపకి సరిగ్గా ఎదురుగా ఉండాలి. అర మిల్లీమీటరు పక్కకి పోయినా తోక మళ్ళీ మొలుస్తుంది. కంటికి కనపడని గుర్తుల్ని వెలుగుకి అడ్డం పెట్టి పట్టుకుని, సన్నటి పెన్నుతో చుక్క పెట్టాడు. తుడిచాడు. మళ్ళీ పెట్టాడు. చక్రం మీద నీళ్ళు పోస్తూ గోరంత గోరంత అరగదీశాడు. ముక్కు దగ్గర ఆనేవాటిని మూడుసార్లు వంచి సరిచేశాడు. అంత ఒద్దికగా పనిచేయడం త్రినాథరావు ఎన్నడూ చూడలేదు. ఏ ఇంట్లో అయినా మొగుడు చెప్పాల్సిన ఒక్క మాటకి బదులు ఇంత పని చేస్తాడు.

మర్నాడు పొద్దున కనకమ్మ వచ్చింది. త్రినాథరావు కళ్ళజోడు తనే తొడిగి, చెవుల దగ్గర సర్ది, చార్టు దీపం ఒక్కటీ ఉంచి ట్యూబులైట్లు ఆర్పాడు.

"చూడమ్మా, ఇది మామూలు జోడు లాంటిది కాదు. సూటిగా చూసినప్పుడే పనిచేస్తుంది. నువ్వు కళ్ళు పక్కకి జరిపి చూస్తావు కదా, అలా చూస్తే మళ్ళీ తోకలు కనిపిస్తాయి. ఏది చూడాలన్నా మెడ తిప్పి, మొహం ఎదురుగా పెట్టి చూడాలి."

"గట్ల సూసుడు అలవాటు లేదు సార్" అంటూనే మెడ నిలబెట్టి చార్టు చూసింది. పై వరస నుంచి ఆఖరి వరస దాకా చూసింది.

"తోకలు లేవు" అంది చివరికి. కొంగు తీసి రెండు చేతులతో మొహం ముందు పట్టుకుంది. చార్టు చూసింది, కొంగు చూసింది, మళ్ళీ చార్టు చూసింది. "అక్షరం కోసినట్టున్నది. చీర చిటికి లెక్కనే ఉన్నది. రెండు వేరువేరున్నయి సార్!" అంటూ కొంగు అలాగే మొహానికి అదుముకుంది. నాలుగు నెలలుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. త్రినాథరావు లైట్లు వేయకుండా ఆగాడు. చీకట్లో తన కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

లైట్లు వేశాక, "సోమవారం నుంచి రమ్మన్నారు విశ్వేశ్వరరావుగారు" అని చెప్పాడు.

"వస్తనని చెప్పుండ్రి. నాకు వచ్చిన పనే గదా. గని గీ కాయితం అందరి ముందల సదవాలె" అంది కనకమ్మ జాకెట్టు మీద చెయ్యి వేసుకుని. "ఆ సారు సదవకున్న సరే, నేను సదువుత."

"ఆయనతో చదివిస్తాను. లేకపోతే నేనే వచ్చి చదువుతాను."

లోపలి గది తెర పక్కన రాజయ్య నిలబడి ఉన్నాడు. చేతులు తుడుచుకునే గుడ్డని మెలిపెడుతున్నాడు. బొంగురు గొంతు ఇంకా తగ్గలేదు, రెండుసార్లు సవరించుకున్నాడు. త్రినాథరావు ఉండబట్టలేకపోయాడు.

"అతన్ని తప్పు పట్టకమ్మా. నా మీది గౌరవం కొద్దీ చెప్పలేకపోయాడు."

కనకమ్మ చార్టు వైపే చూస్తూ మాట్లాడింది. "నిన్న గూడ ఎల్బీనగర్ చౌరస్తల మా మాట, మా యాస అనుకుంట గొంతు పోయేదాంక ఒర్రిండు సార్. ఇంటికొచ్చినంక నేనే మిరియాల కషాయం కాసిచ్చిన. ఒర్రాలె, మంచిదే. గని నాదొక్క మాట ఉండె. గది చెప్పనీకి ఆ దినం గొంతు లేకపాయె."

రాజయ్య తల వంచుకున్నాడు. వీధిలో ఎవరో ఆటోని గట్టిగా కేకేశారు.

ఏదో ఒకటి చేయాలని త్రినాథరావు తన పాత అలవాటులోకి జారాడు. కొత్త జోడు పెట్టుకున్నవాళ్ళు ఎవరైనా మొట్టమొదట తమ మనిషినే చూస్తారు. తల్లి పిల్లల్ని చూస్తుంది, మొగుడు పెళ్ళాన్ని చూసి "నీకు ఇన్ని తెల్లవెంట్రుకలున్నాయా" అని నవ్విస్తాడు. ఆ క్షణం కోసమే తను ఈ వృత్తిలో ఉన్నానని అందరితో అంటుంటాడు. "ఒకసారి రాజయ్యని చూడమ్మా. ఆరడుగుల దూరం ఉంటుంది. ఎలా కనిపిస్తున్నాడో చెప్పు" అన్నాడు.

కనకమ్మ మెడ తిప్పబోయి ఆగింది. రెండు చేతులతో కళ్ళజోడు మెల్లగా తీసింది. కాళ్ళు మడిచి, గుడ్డ చుట్టి, డబ్బాలో పెట్టి మూత నొక్కింది. ఆ తర్వాత మెడ తిప్పి, మొహం ఎదురుగా పెట్టి, మొగుడి వంక సూటిగా చూసింది.

"పోదం పా. ఎండ ముదురుతున్నది."

"పెట్టుకోరాదా" అన్నాడు రాజయ్య. "రోడ్డు దాటాలె గదా."

"గీ అద్దాలు పని కాడికి. ఇంటికి అక్కెరలేదు" అంది కనకమ్మ. త్రినాథరావుకి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టి, షట్టరు కింద నుంచి వంగి బయటికి వెళ్ళింది.

రాజయ్య సైకిలు తాళం తీసి, ఎక్కకుండా నడిపించుకుంటూ ఆమె వెనకే వెళ్ళాడు. త్రినాథరావు షట్టరు పట్టుకుని వంగి, కొత్తపేట వైపు వాళ్ళిద్దరూ కనిపించినంత మేరా చూశాడు. మాట్లాడుకుంటున్నట్టు లేదు.